గెలుపు జోస్యం - నష్టాల లెక్క

జరగబోయేదాన్ని ముందే చెప్పగలగటం జ్ఞానానికి గుర్తు అని మనుషులు చాలాకాలంగా నమ్ముతున్నారు. గ్రహణం ఏ రోజున ఏ ఘడియకు పడుతుందో చెప్పినవాడికి ఒకప్పుడు రాజుల కొలువులో గౌరవం దొరికింది. ఉగాదినాడు పంచాంగం చదివి ఎవరికి ఆదాయమో ఎవరికి వ్యయమో చెప్పే సిద్ధాంతికి ఊళ్ళో ఇప్పటికీ శాలువా దొరుకుతున్నది. ఈ రెండు లెక్కలూ ఒక జాతివి కావని తెలిసినవాళ్ళు కూడా రెంటినీ ఒకే పీటమీద కూర్చోబెడతారు. "ముందే చెప్పటం" అనే ఒక్క మాటకింద ఎన్ని రకాల పనులు జరుగుతున్నాయో, వాటిలో దేనికి ఎంత నైతిక బాధ్యత ఉన్నదో విడదీసి చూడటమే ఈ వ్యాసంలో నా ఉద్దేశం. అందుకు నేను తీసుకున్న ఉదాహరణ అమెరికా వాళ్ళ ఆట.

అమెరికాలో ఫుట్‌బాల్ అనేది మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతి రెండువైపులా మొన తేలి ఉంటుంది. దాన్ని చేతుల్తో పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు. ఎదుటి జట్టువాడిని బలంకొద్దీ ఢీకొట్టి నేలమీద పడగొట్టటం ఈ ఆటలో తప్పు కాదు, ఆటే అది. ఆ దేశపు వృత్తి లీగులో 32 జట్లు ఉన్నాయి. నాలుగైదు నెలలపాటు సాగే పోటీల చివర రెండు జట్లు మిగిలి, ఒకే ఒక్క ఆటలో తలపడతాయి. దానిపేరు సూపర్ బౌల్. మొదటిది 1967 జనవరి 15న జరిగింది. ఇప్పుడు ఫిబ్రవరిలో జరుగుతున్నది. ఆ ఆటకు ముందు రెండు వారాలపాటు అమెరికాలో పత్రికలూ టెలివిజనూ ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటాయి: గెలిచేదెవరు?

అభ్యుదయ సాహిత్యం గురించి, ప్రజాజీవితం గురించి ఆలోచించే పత్రికలో దీనికి చోటేమిటని కొందరు అనవచ్చు. చరిత్ర గమనాన్ని గురించి ముందే చెప్పగలమని మనం నమ్ముతాం. అలా నమ్మేవాళ్ళు, ఏది ముందే చెప్పటానికి వీలవుతుంది, ఏది వీలుకాదు అన్న సంగతి ఇతరులకంటె ఎక్కువ జాగ్రత్తగా తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే మన శాస్త్రం పంచాంగం అవుతుంది.

ముందుగా ఆట విషయం చూద్దాం. ఒక్క ఆటలో ఎవరు గెలుస్తారో చెప్పటం కష్టం కావటానికి కారణం అజ్ఞానం ఒక్కటే కాదు. అమెరికాలోనే బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ విజేతను ఏడింటిలో నాలుగు ఆటలు గెలవటాన్నిబట్టి తేలుస్తారు. ఏడుసార్లు ఆడితే యాదృచ్ఛికమైనవి కొంతవరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, బలమైన జట్టు బలం పైకి తేలే అవకాశం ఎక్కువ. ఫుట్‌బాల్‌లో ఆ అవకాశం లేదు. మొన తేలిన బంతి నేలకు తగిలి ఎటు ఎగురుతుందో పక్కనే ఉన్నవాడికి కూడా తెలియదు. ఆ ఒక్క ఎగురు ఏడాదిపాటు పడిన శ్రమను తారుమారు చెయ్యవచ్చు.

2008 ఫిబ్రవరి 3న జరిగిన ఆట ఇందుకు మంచి సాక్ష్యం. న్యూ ఇంగ్లండ్ జట్టు ఆ సీజన్‌లో 18 ఆటలు ఆడి పద్ధెనిమిదీ గెలిచి వచ్చింది. ఎదుటి న్యూయార్క్ జెయింట్స్ తొలి దశలో 16 ఆటల్లో ఆరు ఓడిపోయినవాళ్ళు. న్యూ ఇంగ్లండ్ 12 పాయింట్ల తేడాతో గెలుస్తుందని పందెపురాయుళ్ళ లెక్క. చివరి నిమిషాల్లో జెయింట్స్ ఆటగాడు ఒకడు గాలిలోకి ఎగిరి, ఒక చేత్తో బంతిని తన హెల్మెట్‌కు అదిమిపెట్టి, అలాగే కింద పడ్డాడు. బంతి నేలకు తగల్లేదు. జెయింట్స్ 17-14తో గెలిచారు. 2017లో అట్లాంటా జట్టు 28-3తో ముందున్నప్పుడు లెక్కలు వేసేవాళ్ళు ఆ జట్టు గెలిచే అవకాశం నూటికి 99కి పైగా అన్నారు. ఆఖరుకు న్యూ ఇంగ్లండ్ 34-28తో గెలిచింది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నూటికి 99 అన్నవాడు తప్పు చెప్పాడా? చెప్పలేదు. నూటిలో ఒకటి జరగదని అతను అనలేదు. మరి ఒప్పు చెప్పాడా? అదీ ఈ ఒక్క ఆటనుబట్టి తేలదు. అతను ఇలాంటి మాట వందలసార్లు చెప్పి ఉంటే, వాటిలో ఎన్నిసార్లు నిజమైందో లెక్కపెట్టి అతని యోగ్యతను కొలవవచ్చు. ఒక్కసారి చెప్పినదాన్నిబట్టి కొలవటానికి లేదు. కాబట్టి ఒక్క ఆటకు జోస్యం చెప్పినవాడు ఓడినా నిజంగా ఓడినట్టు కాదు, గెలిచినా నిజంగా గెలిచినట్టు కాదు. ఏ పరీక్షకూ నిలబడనవసరం లేని మాట చెప్పటం ఎంత సుఖమో మన చిలకజోస్యం వాడికి బాగా తెలుసు.

ఫలించిన జోస్యమంతా జ్ఞానం కాదని చెప్పటానికి మరో ఉదాహరణ ఉన్నది. 1978లో లెనర్డ్ కాపెట్ అనే క్రీడా రచయిత ఒక విచిత్రం బయటపెట్టాడు. పాత జాతీయ లీగుకు చెందిన జట్టు సూపర్ బౌల్ గెలిచిన ఏడు షేర్ల ధరలు పెరుగుతున్నాయి. దానితో పోటీగా పుట్టిన అమెరికన్ లీగు జట్టు గెలిచిన ఏడు తగ్గుతున్నాయి. అంతవరకు జరిగిన ఆటలన్నిటికీ ఇది సరిపోయింది. కాపెట్ దీన్ని హాస్యానికి చెప్పాడు. రెండు సంగతులు కలిసి నడిచినంతమాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని ఆయనకు తెలుసు. అయినా షేర్ల వ్యాపారంలోనివాళ్ళు ఏళ్ళతరబడి దాన్ని వల్లించారు. 2008లో గెలిచిన జెయింట్స్ పాత జాతీయ లీగు జట్టే. ఆ సూత్రం ప్రకారం షేర్లు పెరగాలి. ఆ ఏడు అమెరికా ద్రవ్యవ్యవస్థే కూలింది. డౌ జోన్స్ సూచిక మూడోవంతుకు పైగా పడిపోయింది. పెట్టుబడిదారీ సంక్షోభానికి కారణాలు ఇళ్ళ అప్పుల్లోనూ బాంకుల పత్రాల్లోనూ కంటికి కనిపిస్తూ ఉంటే, వాటిని వదిలి బంతి ఎవరి చేతిలో ఉందో చూసినవాళ్ళు ఉన్నారంటే ఆశ్చర్యపడనక్కరలేదు. కారణాలు చూడటం ఇష్టంలేని చోట శకునాలు పుడతాయి.

ఇక పందెం సంగతి. జోస్యం వేరు, పందెం వేరు. పందెం కట్టేవాడికి తన మాటలో తన డబ్బు ఉంటుంది కాబట్టి అతను జోస్యగాడికంటె నిజాయితీపరుడని కొందరు వాదిస్తారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని పందెం నడిపే బుకీ దగ్గర నుంచి చూస్తే సంగతి మరోలా కనిపిస్తుంది. అమెరికాలో వాడుకలో ఉన్న పద్ధతి ఇది: బలమైన జట్టు గెలిస్తే చాలదు, ఇన్ని పాయింట్ల తేడాతో గెలవాలి అని బుకీ ఒక అంకె చెబుతాడు. ఆ అంకెకు ఇటో అటో పందెం కట్టాలి. 100 డాలర్లు గెలవటానికి 110 డాలర్లు ఒడ్డాలి. ఇద్దరు చెరోవైపు కట్టారనుకోండి. బుకీ చేతికి 220 వస్తాయి. గెలిచినవాడికి అతని 110, పైన 100, మొత్తం 210 ఇస్తాడు. 10 మిగులుతాయి. ఎవరు గెలిచారన్నదానితో ఆ పదికి సంబంధం లేదు. పందెంరాయుడు నష్టం లేకుండా బయటపడాలంటే ప్రతి 21 పందేలలోనూ 11 గెలవాలి. బొమ్మా బొరుసూ వేసి ఊహించేవాడికి అది ఎన్నటికీ కుదరదు.

ఒక్క ఆటలో బుకీ కూడా దెబ్బతినవచ్చు. 2008 ఆటమీద నెవాడా రాష్ట్రపు పందెపు సంస్థలు మొత్తంమీద నష్టపోయాయి. అయినా అవి దుకాణం మూసుకోలేదు. ఎందుకంటే వాళ్ళు బతికేది ఒక్క ఆటమీద కాదు, వేల ఆటలమీద. విడి సంఘటనలో యాదృచ్ఛికం రాజ్యం చేస్తుంది, సమూహంలో నియమం రాజ్యం చేస్తుంది. బుకీకి తెలిసింది నియమం, అతను అమ్మేది యాదృచ్ఛికం. కొనేవాడికి తను యాదృచ్ఛికాన్ని కొంటున్నానన్న సంగతి తెలియకుండా ఉండాలి. తన తెలివికి ధర కడుతున్నారని అనిపించాలి. రెండు వారాల జోస్యాల హోరు చేసిపెట్టేది ఆ పనే. 2018 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు క్రీడా పందేలమీద ఉన్న కేంద్ర నిషేధాన్ని కొట్టివేసిన తర్వాత ముప్పైకి పైగా రాష్ట్రాలు వాటిని చట్టబద్ధం చేశాయి. ఆటను చూపించే టెలివిజనే పందెపు అంకెలను కూడా చూపిస్తున్నది. మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం ఉన్నా లేకపోయినా ఆ పది డాలర్ల లెక్క మాత్రం ఫుట్‌బాల్‌కూ క్రికెట్‌కూ ఒకటే.

వ్యాపారస్తుడు జోస్యం చెప్పడు. రెండు ఫలితాలకూ సిద్ధపడి ఉంటాడు. సూపర్ బౌల్ ముగియగానే గెలిచిన జట్టువాళ్ళు "విజేతలు" అని అచ్చువేసిన చొక్కాలు తొడుక్కుని మైదానంలో నిలబడతారు. ఆ చొక్కాలు అప్పటికప్పుడు వచ్చినవి కావు. ఇద్దరి పేరునా ముందే తయారుచేసి ఉంచుతారు. ఓడిన జట్టు పేరున అచ్చయిన వాటిని అమెరికాలో అమ్మరు. చాలా ఏళ్ళపాటు వాటిని వరల్డ్ విజన్ అనే ధర్మసంస్థద్వారా బీదదేశాలకు పంపించారు. జరగని విజయాన్ని ప్రకటించే చొక్కా, ఆ ఆటపేరే వినని ఒక పిల్లవాడి ఒంటిమీదికి చేరింది. ఇది దానమే, ఒంటిమీద బట్టలేనివాడికి బట్ట దొరకటం మంచిదే. కాని సంపన్నదేశంలో అబద్ధమని తేలిన సరుకుకు పేదదేశం చెత్తబుట్ట అవుతున్న పద్ధతి ఇందులో ఉన్నది. దాన్ని గమనించకుండా ఉండటం నాకు సాధ్యం కాదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ చూసేవాళ్ళ మాటలు. ఆడేవాడి మాట ఇంకొకటి ఉన్నది. 1969 జనవరిలో మూడో సూపర్ బౌల్ జరిగింది. బాల్టిమోర్ జట్టు అప్పటికి ఆ సీజన్‌లో ఒక్క ఆట మాత్రమే ఓడింది. ఎదుట న్యూయార్క్ జెట్స్, పోటీ లీగునుంచి వచ్చినవాళ్ళు; అంతకుముందు రెండేళ్ళూ ఆ లీగు జట్లు చిత్తుగా ఓడాయి. బాల్టిమోర్ 18 పాయింట్ల తేడాతో గెలుస్తుందన్నారు. ఆటకు మూడు రోజులముందు జెట్స్ నాయకుడు జో నేమత్, మయామీలో ఒక విందులో, గెలుపు మాదేనని హామీ ఇస్తున్నానన్నాడు. జెట్స్ 16-7తో గెలిచారు.

నేమత్ చెప్పింది జోస్యమా? అమెరికా పత్రికలు అలాగే రాశాయి. మన తెలుగులో దానికి వేరే మాట ఉన్నది: శపథం. జోస్యగాడు ఫలితానికి బయట నిలబడి మాట్లాడతాడు. శపథం చేసినవాడు ఫలితానికి కారణాల్లో ఒకడు. అతని మాటకూడా కారణాల్లో చేరుతుంది. అది జట్టులోని తోటివాళ్ళకు బలం ఇవ్వవచ్చు, తనమీద తనకే ఒక బరువు పెట్టవచ్చు. జోస్యం తప్పితే మాట తప్పవుతుంది. శపథం తప్పితే మనిషి ఓడతాడు. అందుకే శపథాన్ని నిజమా అబద్ధమా అని అడగటం సరిపోదు. దాన్ని నిలబెట్టుకోవటానికి అతను ఏం చేశాడని అడగాలి.

ఈ తేడా మన ఉద్యమానికి చాలా అవసరం. సోషలిజం అనివార్యమైతే దానికోసం పార్టీ ఎందుకు, చంద్రగ్రహణం రావటానికి ఎవరైనా పార్టీ పెడతారా అని స్టామ్లర్ అనే జర్మన్ పండితుడు ఎగతాళి చేశాడు. ప్లెఖనోవ్ 1898లో "చరిత్రలో వ్యక్తి పాత్ర" అన్న వ్యాసంలో దీనికి సమాధానం చెప్పాడు. గ్రహణానికి కావలసిన పరిస్థితుల్లో మనిషి చర్య లేదు. సమాజపు మార్పుకు కావలసిన పరిస్థితుల్లో మనిషి చర్య ఒకటి. ఈ సమాధానం సరైందే. కాని దాన్ని అంగీకరించిన మనలో కూడా చాలామంది "అంతిమవిజయం మనదే" అన్న మాటను శపథంలా మొదలుపెట్టి జోస్యంలా వాడుతున్నారు. సమ్మెలో నిలబడ్డ కార్మికుడు ఆ మాట అంటే అది శపథం. కుర్చీలో కూర్చున్నవాడు, తను కదలనక్కరలేదని చెప్పుకోవటానికి అదే మాట అంటే అది పంచాంగం. మాట ఒకటే, దాని నైతిక విలువ మాట్లాడేవాడు నిలబడిన చోటునుబట్టి మారుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఎవరు గెలుస్తారన్నది చెప్పటానికి వీలుకాదన్నాం. మరి ఈ ఆటలో నిజంగా ముందే చెప్పగలిగిందేమైనా ఉన్నదా? ఉన్నది. దాన్ని ఎవరూ ఆటకు ముందు టెలివిజన్‌లో చెప్పరు.

మైక్ వెబ్‌స్టర్ అనే ఆటగాడు పిట్స్‌బర్గ్ జట్టులో నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచాడు. నాలుగుసార్లూ అతని జట్టు గెలుస్తుందన్నవాళ్ళ జోస్యం ఫలించింది. ఆట మానిన తర్వాత అతనికి మతి చెదిరింది. 2002లో, 50 ఏళ్ళ వయసులో చనిపోయాడు. నైజీరియాలో పుట్టిన బెనెట్ ఒమాలు అనే వైద్యుడు అతని మెదడును పరీక్షించి, తలకు పదేపదే తగిలిన దెబ్బలవల్ల వచ్చే సి.టి.ఇ. అనే వ్యాధిని అందులో కనిపెట్టాడు. 2005లో ఆ సంగతి ప్రకటిస్తే, లీగు నియమించిన వైద్యులు ఆ వ్యాసాన్ని ఉపసంహరించాలని పత్రికకు రాశారు. తర్వాత వేలమంది మాజీ ఆటగాళ్ళు లీగుమీద దావా వేశారు. రాజీ మాటల సందర్భంలో, 2014లో, ఎంత డబ్బు అవసరమవుతుందో తేల్చటానికి బీమా గణకులచేత లెక్క వేయించి కోర్టుకు సమర్పించారు. ఆ లెక్కప్రకారం సుమారు 19,400 మంది మాజీ ఆటగాళ్ళలో నూటికి 28 మందికి అల్జీమర్స్ గాని, అలాంటి మరో తీవ్రమైన మతిభ్రంశంగాని వస్తుంది. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయంవారు పరీక్షించిన 111 మంది లీగు ఆటగాళ్ళ మెదళ్ళలో 110లో సి.టి.ఇ. కనిపించింది. ఆ మెదళ్ళు చాలావరకు అనుమానం కలిగిన కుటుంబాలు ఇచ్చినవి కాబట్టి, ఆ నిష్పత్తి ఆటగాళ్ళందరికీ వర్తిస్తుందనటానికి లేదు. 28 శాతమన్న లెక్కకు మాత్రం ఆ ఆక్షేపణ వర్తించదు. అది డబ్బు చెల్లించవలసినవాళ్ళ లెక్కల్లోంచి వచ్చింది.

గమనించండి. ఫలానా ఆటగాడికి జబ్బు వస్తుందా అంటే గణకుడు చెప్పలేడు. అది బంతి ఎగురువంటిది. కాని వందమందిలో ఎంతమందికి వస్తుందో చెప్పగలడు. బుకీకి లాభం తెచ్చిన నియమం ఏదో, ఇక్కడ మనిషి మెదడుకు ధర కట్టిన నియమమూ అదే. విడి మనిషి విషయంలో "ఏమో, ఎవరు చెప్పగలరు?" అంటారు, మొత్తం లెక్కలో పైసలతో సహా చెప్పగలరు. పైగా ఆ ధర కట్టటంలో కూడా ఒక జోస్యం దాగి ఉన్నది. నల్ల ఆటగాళ్ళ తెలివి మొదటే తక్కువస్థాయిలో ఉంటుందని అనుకుని, అందులోంచి ఎంత తగ్గిందో చూసే పద్ధతిని ఆ పరిహారపు పరీక్షల్లో వాడారు. అంటే ఒకే రకంగా దెబ్బతిన్న ఇద్దరిలో నల్లవాడికి పరిహారం దొరకటం కష్టమయింది. ఇద్దరు నల్లజాతి మాజీ ఆటగాళ్ళు 2020లో కోర్టుకెక్కిన తర్వాత, ఆ పద్ధతి మానుతామని 2021లో లీగు ప్రకటించింది. ఆ లీగు ఆటగాళ్ళలో సగానికి పైగా నల్లవాళ్ళు.

ఆటగాళ్ళు ఇష్టపడే ఆడుతున్నారు, లక్షలూ కోట్లూ సంపాదిస్తున్నారు, మనకెందుకీ బాధ అని అనవచ్చు. ఈ ఆక్షేపణను తేలిగ్గా తోసెయ్యటం న్యాయం కాదు. తన దేహాన్ని ప్రమాదంలో పెట్టే హక్కు మనిషికి ఉన్నది. గనిలో దిగేవాడూ సముద్రంమీదికి వెళ్ళేవాడూ అదే చేస్తున్నారు. కాని సమ్మతికి అర్థం ఉండాలంటే ప్రమాదం ఎంతో తెలిసి ఉండాలి. ఆ ఆటకూ ఈ మెదడు వ్యాధికీ సంబంధం ఉన్నదని లీగు అధికారి ఒకరు బహిరంగంగా ఒప్పుకున్నది 2016 మార్చిలో. అంతకుముందు ఆడినవాళ్ళు దేనికి సమ్మతించినట్టు? భారతంలో ధర్మరాజు జూదం ఆడి తమ్ముళ్ళనూ ద్రౌపదినీ ఒడ్డాడు. సభలో ద్రౌపది అడిగిన ప్రశ్న పాచికల్లో ఎవరు గెలుస్తారన్నది కాదు; నన్ను ఒడ్డే హక్కు ఎవరికున్నదని. సభలోని పెద్దలు దానికి జవాబు చెప్పలేకపోయారు. పందెం కట్టినవాడు ఒడ్డేది తన డబ్బు అనుకుంటాడు. అందరూ కలిసి ఒడ్డుతున్న సొత్తు మైదానంలో ఉన్న 22 మంది తలకాయలు.

అందుచేత, ముందే చెప్పటానికి సంబంధించిన నైతిక ప్రశ్న "నిజమైందా, కాలేదా" అన్నదానితో తీరదని నేనంటాను. మూడు ప్రశ్నలు అడగాలి. దీనికి ఆధారం ఏమిటి, ఎన్నిసార్లు పరీక్షకు నిలబడింది? ఇది తప్పితే నష్టం ఎవరికి, నిజమైతే లాభం ఎవరికి? ఇది తెలిసినవాడు తెలిసిన తర్వాత ఏం చేశాడు? సూపర్ బౌల్ జోస్యం మొదటి ప్రశ్నకే నిలబడదు. బుకీ రెండో ప్రశ్న దగ్గర మాట మార్చేస్తాడు. మొదటి రెంటికీ సరైన జవాబు చెప్పగల గణకుడి లెక్క మూడోదాని దగ్గర ఆగిపోయింది. ఆ లెక్కతో డబ్బు ఎంత పక్కన పెట్టాలో తేలిందే కాని, తలలు ఢీకొనటం ఆగలేదు.

మన శాస్త్రాన్ని కూడా ఇవే ప్రశ్నలతో పరీక్షించుకోవాలి. విడి సంఘటనలను గురించి పందెం కాసినట్టు మాట్లాడటం మనకు తగదు. ఫలానా ఎన్నికలో ఫలానావాడు, ఫలానా ఏడాదిలో విప్లవం అని చెప్పి, తప్పినప్పుడు సాకులు వెతకటంవల్ల మన శాస్త్రానికి వచ్చిన చెడ్డపేరు తక్కువ కాదు. మనం నిక్కచ్చిగా చెప్పగలిగింది వేరే ఉన్నది. ఈ పని పరిస్థితులు ఇలాగే ఉంటే ఈ గనిలో, ఈ మిల్లులో, ఈ మైదానంలో వందమందిలో ఇంతమంది పాడైపోతారు అని చెప్పవచ్చు. అలా చెప్పినవాడు చెప్పి ఊరుకోవటానికి వీల్లేదు. తన లెక్క తప్పుకావాలని కోరుకుని, దాన్ని తప్పుచెయ్యటానికి పనిచెయ్యాలి. వచ్చే ఫిబ్రవరిలోనూ గెలిచేదెవరని కోట్లమంది అడుగుతారు, సగంమంది జోస్యం ఫలిస్తుంది. 28 అన్న అంకెను తగ్గించటానికి ఏంచేశారని అడిగేవాళ్ళు ఎంతమంది అన్నదాన్నిబట్టే ఆ సమాజం గెలుపు ఓటములను నేను లెక్కకడతాను.